రబ్బరును లొంగదీసిన చార్లెస్ గుడ్‌ఇయర్

గుడ్‌ఇయర్ అనే పేరు మనలో చాలామందికి టైరు మీద అచ్చుపోసిన అక్షరాలుగానే తెలుసు. అది ఒక మనిషి పేరని, ఆ మనిషి మోటారు కారును కంటితో చూడకుండానే చనిపోయాడని కొద్దిమందికే తెలుసు. ఆయన పోయిన 38 ఏళ్లకు, 1898లో, అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఆ టైర్ల కంపెనీ పుట్టింది. దానికి ఆయనతో గానీ ఆయన కుటుంబంతో గానీ ఏ సంబంధమూ లేదు. గౌరవంగా పేరు మాత్రం పెట్టుకున్నారు. పేరు ఆయనది, లాభం వేరేవాళ్లది. బతికినన్నాళ్లూ ఆయనకు జరిగింది కూడా దాదాపు ఇదే.

మహనీయుల జీవితాలు రాసుకోవడం మన వార్షికోత్సవ సంచికకు కొత్త కాదు. ఈసారి కాలేజీ మెట్లు ఎక్కకుండానే రసాయనశాస్త్రాన్ని ఒక మలుపు తిప్పిన మనిషి గురించి రాయాలని మేము అనుకున్నాం. అందుకు రెండు కారణాలు. మేము రసాయనశాస్త్రంలోనే పీజీ చదువుతున్నాం, అది ఒకటి. మన మహదేవపూర్ గోదావరి పక్కన ఉంది, అది రెండోది. నదికీ రబ్బరుకూ ఏం సంబంధం అంటారా? ముందు అదే చెబుతాం.

పడవకు ఒక రంధ్రం

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర, సిరొంచ. వంతెన రాకముందు ఇటువాళ్లు అటు పోవాలన్నా, అటువాళ్లు ఇటు రావాలన్నా పడవే దిక్కు. తెడ్డుతోనో గడతోనో నడిపే పడవ అడుగున రంధ్రం అక్కరలేదు. ఇంజన్ పెట్టిన పడవ సంగతి వేరు. ఇంజన్ పొడిగా ఉండాలి. నీళ్లను వెనక్కి తోసే ఫ్యాను నీళ్లలో మునిగి ఉండాలి. రెండింటినీ కలిపే ఇనుప కడ్డీని షాఫ్టు అంటారు. ఆ షాఫ్టు ఎక్కడో ఒకచోట పొడి వైపు నుంచి తడి వైపుకు దాటాలి. పెద్ద లాంచీల్లో అది పడవ గోడనే తొలుచుకుని పోతుంది. వెనుక తగిలించే చిన్న ఇంజన్లలో అయితే, నీళ్లలో మునిగే గేర్ల డబ్బాలోంచి బయటికి వస్తుంది. ఎలా చూసినా నీటిమట్టానికి కింద ఒక రంధ్రం తప్పదు.

ఆ రంధ్రంలో కడ్డీ ఊరికే ఉండదు, నిమిషానికి వందల వేల చుట్లు తిరుగుతుంది. దాన్ని గట్టిగా పట్టుకుంటే తిరగదు. వదులుగా పట్టుకుంటే నీళ్లు వస్తాయి. తిరగనిస్తూనే నీటిని ఆపాలి. ఈ పని చేసేది చిన్న రబ్బరు రింగు. మెకానిక్కులు దాన్ని సీలు అంటారు. మన బోరు మోటార్లలో, ట్రాక్టర్లలో, బండ్ల ఇంజన్లలో ఉండే ఆయిల్ సీలుకు ఇది సొంత తమ్ముడు.

రబ్బరు సీలు లేని కాలంలో ఏం చేసేవారు? షాఫ్టు చుట్టూ జనపనార తాడు చుట్టి, జంతువుల కొవ్వు పూసి, పైనుంచి బిగించేవారు. వ్యవసాయ పంపుల్లో గ్లాండు తాడు అనే పేరుతో ఆ పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లీషు ఇంజనీర్లు ఎగువ గోదావరి మీద స్టీమర్లు నడపాలని పెద్ద పథకం వేశారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ కన్న కల అది. ఆ దారిలో రాళ్లు తేలి పడవలకు అడ్డం వచ్చే చోట్లు మూడు. మొదటిది దుమ్ముగూడెం. రెండోది ఇంచంపల్లి. ఖర్చు పెరిగిపోయిందని 1871లో ఆ పని ఆపేశారు. ఆ రోజుల్లో స్టీమరు ఇంజన్ అంటే నార, కొవ్వు, తోలు వాషర్లతోనే కట్టుదిట్టం చేసేవారు. సరిగ్గా ఆ కాలంలోనే, సముద్రాల అవతల, ఒక మనిషి రబ్బరు మీద తన ఇల్లూ ఒళ్లూ గుల్ల చేసుకుంటున్నాడు.

ఇనుప సామాను కొట్టు నుంచి జైలుకు

చార్లెస్ గుడ్‌ఇయర్ 1800 డిసెంబరు 29న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో పుట్టాడు. తండ్రి అమాసా గుండీలు, వ్యవసాయ పనిముట్లు తయారు చేసి అమ్మేవాడు. కొత్త కొత్త పనిముట్లు కనిపెట్టడం ఆయనకు సరదా. కొడుక్కి వచ్చిన ఆస్తి ఆ సరదా ఒక్కటే. చార్లెస్ పదిహేడో ఏట ఫిలడెల్ఫియాలో ఇనుప సామాను వ్యాపారం నేర్చుకోవడానికి పనికి కుదిరాడు. తర్వాత తిరిగి వచ్చి తండ్రితో కలిసి పని చేశాడు. 1824లో క్లారిస్సా బీచర్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1826లో ఫిలడెల్ఫియాలో సొంతంగా ఇనుప సామాను కొట్టు పెట్టాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. అరువు మీద సరుకు ఇవ్వడం, అరువు మీద తేవడం ఎక్కువై 1830 నాటికి దివాలా తీసింది.

అప్పట్లో అమెరికాలో అప్పు తీర్చలేనివాణ్ని జైల్లో వేసే చట్టాలు ఉండేవి. గుడ్‌ఇయర్ మొదటిసారి జైలుకు పోయింది అలాగే. ఆ తర్వాత ఎన్నోసార్లు పోయాడు. అప్పు అంటే ఏమిటో మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు. విత్తనానికి తెచ్చిన అప్పు, పెళ్లికి తెచ్చిన అప్పు, దవాఖానకు తెచ్చిన అప్పు మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే. గుడ్‌ఇయర్ అప్పు మాత్రం చిత్రమైనది. చివరిదాకా ఆయన దాన్ని తీర్చలేదు, పెంచుకుంటూ పోయాడు.

గాలి చొక్కా మూత

1834లో ఆయన న్యూయార్కులో రాక్స్‌బరీ ఇండియా రబ్బర్ కంపెనీ దుకాణానికి వెళ్లాడు. అక్కడ నీళ్లలో మునగకుండా వేసుకునే రబ్బరు గాలి చొక్కా ఒకటి కొన్నాడు. ఇప్పటి లైఫ్ జాకెట్‌కు అది తాత. దానికి గాలి ఊదే మూత సరిగా లేదని ఆయనకు అనిపించింది. ఇంటికి తీసుకుపోయి ఇంకా మంచి మూత తయారు చేసి మళ్లీ దుకాణానికి తెచ్చాడు. ఒక్క మాటలో చెప్పాలంటే, రబ్బరు ప్రపంచంలోకి ఆయన అడుగుపెట్టింది ఒక సీలు బాగుచేయడం ద్వారానే.

దుకాణంలో ఆయనకు తెలిసిన సంగతి వేరు. మూత కాదు, అసలు రబ్బరే పనికిరాకుండా పోతోంది. అప్పటికి కొన్నేళ్లుగా అమెరికాలో రబ్బరు వ్యామోహం నడుస్తోంది. బ్రెజిల్ అడవుల్లో చెట్టు పాలు గడ్డకట్టించి తెచ్చిన ఆ పదార్థంతో బూట్లు, కోట్లు, సంచులు చేసి అమ్మారు. జనం ఎగబడి కొన్నారు. ఎండాకాలం రాగానే అవి బంకగా మారి కంపు కొట్టాయి. చలికాలం రాగానే గట్టిపడి పగిలాయి. సరుకంతా వాపసు వచ్చింది. కంపెనీలు ఒక్కొక్కటే మూతపడే దారి పట్టాయి. మన మే నెల ఎండలో ఆ రబ్బరు ఒక్కరోజు కూడా నిలిచేది కాదు. తిరిగే షాఫ్టు చుట్టూ పెడితే గంటలో జిగురయ్యేది.

ఇలాంటప్పుడు తెలివైన వ్యాపారి ఎవరైనా దూరంగా ఉంటాడు. గుడ్‌ఇయర్ దగ్గరికి పోయాడు. రబ్బరు సాగుతుంది, నీటిని రానీయదు, గాలిని పోనీయదు. వేడికీ చలికీ తట్టుకునే గుణం ఒక్కటి కలిపితే చాలు అనుకున్నాడు. ఆయనకు రసాయనశాస్త్రం రాదు, డబ్బు లేదు, ప్రయోగశాల లేదు. ఫిలడెల్ఫియాలో మళ్లీ అప్పు కింద జైల్లో పడ్డప్పుడు ముడి రబ్బరు తెప్పించుకుని, భార్య వంటింటి కర్రతో దాన్ని వత్తుతూ మొదటి ప్రయోగాలు చేశాడు.

ఐదేళ్ల ఆకలి

ఆయన పద్ధతి చాలా సాదా. చేతికి దొరికిన ప్రతిదీ రబ్బరులో కలిపి చూడడమే. మెగ్నీషియా కలిపాడు. తెల్లగా, శుభ్రంగా కనిపించిన బూట్లు తయారయ్యాయి. ఎండాకాలంలో అవీ కరిగిపోయాయి. సున్నం నీళ్లలో ఉడకబెట్టాడు. ఒక చుక్క పులుపు తగలగానే ఆ గుణం పోయింది. నైట్రిక్ ఆమ్లంతో పైపొరను శుద్ధి చేస్తే జిగురు తగ్గింది. ఇది గెలుపే అనుకుని ఫ్యాక్టరీ పెట్టబోయాడు. మూసిన గదిలో ఆమ్లం పొగలు పీల్చి ఒకసారి చావు దాకా వెళ్లి వచ్చాడు. ఇంతలో 1837లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చి, ఆయనకు పెట్టుబడి పెట్టిన భాగస్వామి కూడా దివాలా తీశాడు. గుడ్‌ఇయర్ కుటుంబం మూతపడ్డ ఒక రబ్బరు ఫ్యాక్టరీలో తలదాచుకుని, నీళ్లలో పట్టుకున్న చేపలతో కడుపు నింపుకుంది.

1838లో మసాచుసెట్స్ రాష్ట్రంలో నథానియల్ హేవార్డ్ అనే కార్మికుడు పరిచయమయ్యాడు. రబ్బరు మీద గంధకం చల్లి ఎండలో పెడితే జిగురు తగ్గుతుందని హేవార్డ్ కనిపెట్టాడు. గుడ్‌ఇయర్ ఆ హక్కును కొనుక్కున్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. గంధకం ఆలోచన గుడ్‌ఇయర్ ఒక్కడిదే అని రాసే పుస్తకాలు హేవార్డ్‌కు అన్యాయం చేస్తున్నాయి. చదువుకోని కార్మికుని పేరు చరిత్ర పుస్తకంలోంచి జారిపోవడం మనకు కొత్త విషయం కాదు గనుక, మనమైనా గుర్తుపెట్టుకుందాం.

గంధకం నమ్మకంతో ప్రభుత్వానికి 150 తపాలా సంచులు చేసి ఇచ్చే పని ఒప్పుకున్నాడు. సంచులు చూడడానికి బాగున్నాయి. వాటిని వెచ్చని గదిలో వేలాడదీసి కొన్నాళ్లు ఊరు వెళ్లి వచ్చేసరికి అవి సాగి, కారి, చేతికి అంటుకుంటున్నాయి. పైపొర మారింది గానీ లోపలి రబ్బరు మారలేదు. దాంతో అప్పటిదాకా నమ్మిన నలుగురు కూడా దూరమయ్యారు.

పొయ్యి తగిలిన ముక్క

1839లో ఉబర్న్ అనే ఊరిలో అసలు సంగతి జరిగింది. గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి పొరపాటున కాలుతున్న పొయ్యికి తగిలింది. ముడి రబ్బరైతే కరిగి కారాలి. ఇది కరగలేదు, తోలు మాడినట్టు మాడింది. మాడిన భాగం చుట్టూ సన్నని అంచు ఒకటి మాడకుండా, జిగురు లేకుండా, సాగుతూ మిగిలింది. ఆ ముక్కను రాత్రంతా చలిలో మేకుకు తగిలించాడు. తెల్లారి చూస్తే పగల్లేదు. మెత్తగానే ఉంది.

దీన్ని అదృష్టం అని చాలామంది రాస్తారు. గుడ్‌ఇయర్ మాత్రం ఒప్పుకోలేదు. పొయ్యి మీద రబ్బరు పడటం ఎవరింట్లోనైనా జరగవచ్చు. మాడిన ముక్కను పారేయకుండా, దాని అంచును వేలితో తడిమి చూడాలన్న ఆలోచన ఐదేళ్లు వెతికినవాడికే వస్తుంది. ప్రయోగశాలలో అనుకున్న ఫలితం రాకపోతే పరీక్షనాళిక కడిగేసే అలవాటున్న మాలాంటి విద్యార్థులు నేర్చుకోవలసిన పాఠం ఇది.

కనిపెట్టడం ఒక ఎత్తు, పట్టు చిక్కడం మరో ఎత్తు. ఎంత గంధకం, ఎంత వేడి, ఎంతసేపు? తక్కువైతే జిగురు, ఎక్కువైతే బొగ్గు. వంటింటి పొయ్యిలో, ఇరుగుపొరుగు పొయ్యిల్లో, కమ్మరి కొలిమిలో కాల్చి చూశాడు. రొట్టెలు కాల్చుకునే వేళ అయిపోయాక పొయ్యి మిగులు వేడిని వాడుకున్నాడు. ఆ చలికాలంలోనే ఆ ఇంట్లో ఒక పసిబిడ్డ చనిపోయాడు. పాతిపెట్టడానికి చేతిలో డబ్బు లేదు. ఇంట్లో సామాను ఒక్కొక్కటే తాకట్టుకు పోయింది. చివరికి పిల్లల బడి పుస్తకాలు కూడా అమ్మేశాడు. వాటికి వచ్చింది 5 డాలర్లు.

ఈ సంగతి దగ్గర మేము కాసేపు ఆగిపోయాం. పుస్తకాలు అమ్ముకున్న తండ్రిని మెచ్చుకోవాలా? గొప్ప పని కోసమే కదా అనుకోవాలా? మన ఇళ్లలో అమ్మానాన్నలు తాము అమ్ముడుపోయైనా మన పుస్తకాలను కాపాడారు. మెట్టెలు అమ్మి, మేకను అమ్మి, ఇంకో ఇంటి పొలంలో కూలికి పోయి మనల్ని ఈ హాస్టల్ గేటు దాకా తెచ్చి వదిలారు. గుడ్‌ఇయర్ పట్టుదలకు మేము దండం పెడతాం. కానీ ఆ పట్టుదల ఖరీదు కట్టింది ఆయన ఒక్కడే కాదు. క్లారిస్సా కట్టింది, ఆ బిడ్డలు కట్టారు. వాళ్ల పిల్లల్లో పలువురు చిన్నతనంలోనే పోయారు. జీవిత చరిత్ర రాసేటప్పుడు ఈ లెక్క దాచకూడదని మా అభిప్రాయం.

తంగేడు చెక్క, గంధకం

గంధకం, వేడి కలిసి రబ్బరును ఎందుకు మార్చాయో గుడ్‌ఇయర్‌కు చివరిదాకా తెలియదు. 1920లో జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్ రబ్బరు లాంటి పదార్థాల్లో అణువులు పొడవాటి గొలుసులుగా ఉంటాయని ప్రతిపాదించాకే అసలు విషయం తేలడం మొదలైంది. ఆయనకు 1953లో నోబెల్ బహుమతి వచ్చింది. ముడి రబ్బరులో ఈ గొలుసులు విడివిడిగా, ఉడికిన సేమ్యాలా చిక్కుపడి ఉంటాయి. వేడి తగిలితే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. అదే జిగురు. గంధకం కలిపి వేడి చేస్తే గంధకం పరమాణువులు గొలుసుకూ గొలుసుకూ మధ్య వంతెనలు కడతాయి. లాగితే సాగుతుంది, వదిలితే వంతెనలు మళ్లీ వెనక్కి లాగుతాయి. దీనినే వల్కనైజేషన్ అంటారు. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరు మీద ఇంగ్లండులో పెట్టిన పేరిది.

ఇది పరాయి దేశపు వింతగా మనకు తోచనక్కరలేదు. మన తాతలు చేసిన పని దీనికి దగ్గరి చుట్టం. పచ్చి తోలు ఎండితే అట్టలా అవుతుంది, తడిస్తే కుళ్లుతుంది. దాన్ని సున్నంలో వేసి, తంగేడు చెక్క రసం ఉన్న లందల్లో రోజుల తరబడి నానబెడితే కుళ్లని, పగలని తోలు అవుతుంది. తంగేడు చెక్కలోని టానిన్లు తోలులోని పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. రబ్బరులో గంధకం చేసే పని అలాంటిదే. ఆ తోలుతో కుట్టిన మోట బొక్కెనలే కరెంటు మోటార్లు రాకముందు తెలంగాణ బావుల్లోంచి నీళ్లు తోడాయి. ఆ తోలు వాషర్లే చేతి పంపుల్లో నీటిని పట్టి ఉంచాయి. నీళ్లు కారకుండా ఆపే విద్య ఈ నేలమీద మన వాడల్లోనే ఉండేది. దానికి పేటెంటు లేదు, పతకం లేదు, పైగా అంటరానితనం అనే శిక్ష దొరికింది. పొయ్యికి తగిలిన రబ్బరు తోలులా మాడిందని చదివినప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది ఆ లందలే.

ఇంకొక సంగతి. మెక్సికో ప్రాంతపు ఆదిమ ప్రజలు 3,500 ఏళ్ల కిందటే చెట్టు పాలలో ఒక తీగ రసం కలిపి గట్టి రబ్బరు బంతులు చేసుకున్నారు. ఏ విద్యకైనా మొదటి గురువులు పేరులేని జనమే.

పేటెంటు, కోర్టు, పతకం, మళ్లీ జైలు

బావ విలియం డీఫారెస్ట్ అనే ఉన్ని వ్యాపారి వేల డాలర్లు అప్పు ఇచ్చి ఆదుకోవడంతో పని గాడిలో పడింది. 1844 జూన్ 15న గుడ్‌ఇయర్‌కు అమెరికా ప్రభుత్వం 3633 నంబరు పేటెంటు ఇచ్చింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆయన రబ్బరు ముక్కలు ఇంగ్లండుకు చేరాయి. అక్కడ థామస్ హాంకాక్ వాటిని పరీక్షించి, తన ప్రయోగాలు తానూ చేసి, ఇంగ్లండులో పేటెంటు ముందుగా తీసుకున్నాడు. స్వదేశంలోనూ ఎందరో ఆయన పద్ధతిని దొంగిలించి సరుకు తయారు చేశారు. 1852లో ట్రెంటన్ నగరంలో హోరేస్ డే అనే వ్యాపారి మీద నడిచిన పెద్ద దావాలో గుడ్‌ఇయర్ వైపు వాదించినది ప్రఖ్యాత న్యాయవాది డేనియల్ వెబ్‌స్టర్. తీర్పు గుడ్‌ఇయర్‌కే వచ్చింది. అందుకు వెబ్‌స్టర్‌కు ముట్టిన ఫీజు 15 వేల డాలర్లు. తన పేటెంటు మీద ఇతరుల నుంచి గుడ్‌ఇయర్ తీసుకున్న రాయల్టీ మాత్రం చాలా తక్కువ. కనిపెట్టడమే గానీ బేరమాడడం ఆయనకు రాలేదు.

1851లో లండన్ మహా ప్రదర్శనలో ఒక గది మొత్తం రబ్బరుతోనే అలంకరించి చూపించాడు. 1853లో క్లారిస్సా చనిపోయింది. 1855లో పారిస్ ప్రదర్శనలో ఇంకా పెద్ద ఎత్తున రబ్బరు వస్తువులు పెట్టాడు. అన్నీ అప్పు మీదే. ఫ్రాన్సులో ఆయన పేటెంటు చెల్లకుండా పోయింది, రావలసిన డబ్బు ఆగింది. పారిస్‌లోనే అప్పుల జైల్లో పడ్డాడు. ఫ్రాన్సు చక్రవర్తి ఇచ్చిన గౌరవ పతకం ఆ జైల్లో ఉండగానే ఆయన చేతికి అందింది. 1860 జులై 1న, జబ్బుతో ఉన్న కూతుర్ని చూడడానికి పోతూ న్యూయార్కులో కన్నుమూశాడు. అప్పటికి ఆయన మీద ఉన్న అప్పు సుమారు 2 లక్షల డాలర్లు.

ఆయన తర్వాత రబ్బరు ప్రపంచమంతా పాకింది. ఆ వ్యాప్తిలో రక్తం మరకలూ ఉన్నాయి. ఆఫ్రికాలోని కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ పాలనలో, 1885 నుంచి 1908 దాకా, రబ్బరు కోసం జనాన్ని వెట్టికి కట్టి చంపారు. 1876లో బ్రెజిల్ నుంచి ఇంగ్లండుకు తరలించిన గింజలతో ఆసియాలో తోటలు మొదలయ్యాయి. మన దేశంలో 1902లో కేరళలో వాణిజ్య తోట వేశారు.

కొన్నాక కాపాడుకోవడం

గుడ్‌ఇయర్ చేసిన రబ్బరు కరగదు, పగలదు అని చెప్పుకున్నాం. నిజానికి ఏ రబ్బరూ చిరంజీవి కాదు. ఇప్పటి సీళ్లు ఎక్కువగా నైట్రైల్ లాంటి కృత్రిమ రబ్బరుతో చేస్తారు. అందులోనూ గొలుసులను ముడివేసేది ఎక్కువగా గంధకమే. ఆ గొలుసుల్లో మిగిలిపోయిన బలహీన స్థానాలను ఎండ, గాలిలోని ఓజోన్, వేడి మెల్లగా తెంచుతాయి. మన ఊళ్లలో ఇంజన్ పడవలో, మోటారో ఉన్న ఇంటి పిల్లలకు పనికొస్తాయని నాలుగు మాటలు రాస్తున్నాం.

మొదటి శత్రువు ఇసుక. గోదావరి నీళ్లలో ఇసుక రేణువు సీలు పెదవి కింద చేరితే అది ఉలిలా పనిచేసి షాఫ్టు మీద గాడి చెక్కుతుంది. గాడి పడిన షాఫ్టుకు ఎంత కొత్త సీలు వేసినా నీళ్లు ఆగవు. అందుకే సీలు మార్చేటప్పుడు షాఫ్టును గోటితో తడిమి చూడాలి. గోరు గాడిలో పడితే షాఫ్టు సంగతి కూడా చూడాల్సిందే.

రెండోది నైలాన్ దారం. తెగిన వలపోగులు ఫ్యానుకు చుట్టుకుని లోపలికి పాకి సీలును కోసేస్తాయి. అప్పుడప్పుడు ఫ్యాను విప్పి వెనుక చూడడం తప్ప దీనికి వేరే మందు లేదు.

మూడోది నూనె. సహజ రబ్బరు మీద పెట్రోలు, డీజిలు, మామూలు గ్రీజు పడితే అది ఉబ్బి మెత్తబడుతుంది. ఏ రబ్బరుకు ఏ గ్రీజు అన్నది తయారీదారు చెప్పినట్టే వాడాలి. రబ్బరు భాగాలకు రంగు పూయకూడదు.

నాలుగోది ఎండ. వేసవిలో నది తగ్గి పడవ ఒడ్డున పడి ఉన్నప్పుడే రబ్బరు ఎక్కువ పాడవుతుంది. కనీసం ఆ భాగం మీద నీడ ఉండాలి. పెద్ద మోటారు పడవల్లో కొన్నింటికి వెనుక గోడ దాటేచోట హార్మోనియం తిత్తిలా మడతల రబ్బరు గొట్టం ఉంటుంది. దాన్ని చూసేటప్పుడు పైపైన చూడకుండా మడత విప్పి లోపల చూడాలి. చిట్లడం మడత లోపలే మొదలవుతుంది. అది చిరిగితే కట్టేసి ఉన్న పడవ కూడా తెల్లారేసరికి మునిగిపోవచ్చు.

నీళ్లతోనే చల్లబడే సీలున్న ఇంజన్‌ను ఒడ్డు మీద ఉత్తగా నడపకూడదు, కొద్దిసేపట్లోనే రబ్బరు మాడుతుంది. పెదవి ఉన్న సీలును తిరగేసి బిగిస్తే కొత్తదైనా కారుతుంది. ఆపవలసిన నీరో నూనెనో ఏ వైపు ఉందో, పెదవి ఆ వైపు చూడాలి. గేర్ల డబ్బా నూనె తీసినప్పుడు అది పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వచ్చాయని గుర్తు. అప్పుడు నూనె ఒక్కటే మారిస్తే లాభం లేదు, సీలు మార్చాలి. సీలు ఖరీదు తక్కువ. దాన్ని నిర్లక్ష్యం చేస్తే పోయేది గేర్లు, ఇంజన్, ఒక్కోసారి మనుషులు.

పడవలదాకా ఎందుకు, మన మండలంలోనే మేడిగడ్డ దగ్గర 85 గేట్లతో బ్యారేజీ కట్టి 2019 జూన్ 21న ప్రారంభించారు. అలాంటి గేట్ల అంచుల్లోనూ నీటిని ఆపేది రబ్బరు సీళ్లే. 2023 అక్టోబరులో అక్కడ పిల్లర్లు కుంగడం మనమంతా చూశాం. దాని కారణాలు వేరు, అవి ఇంజనీర్లు తేల్చవలసినవి. ఎంత పెద్ద కట్టడమైనా కళ్లు పెట్టి చూసుకునేవాళ్లు ఉండాలన్న మాట మాత్రం రింగుకూ బ్యారేజీకీ ఒకటే.

తమ్ముళ్లారా, గుడ్‌ఇయర్ కథలో మేము తీసుకున్నవి రెండు. చదువు చెప్పేవాళ్లు లేకపోయినా, వందసార్లు ఓడినా, మాడిన ముక్కను పారేయకుండా తడిమి చూసే గుణం ఒకటి. అది ఆయన దగ్గర నేర్చుకుందాం. రెండోది ఆయన దగ్గర లేనిది. ఆయన పిల్లల పుస్తకాలను కాపాడే హాస్టల్ ఆ ఊళ్లో లేదు, వాళ్ల ఆకలిని పంచుకునే వ్యవస్థ ఆ దేశంలో లేదు. మనకు ఉంది. అన్నం ఉడకని రోజులున్నా, దుప్పట్లు అందని చలికాలాలున్నా, మన పుస్తకం మన చేతిలో ఉంది. ఈ హాస్టళ్లు ఎవరో దయతో ఇచ్చినవి కావు, ఎందరో కొట్లాడి సాధించినవి. ఇవి కూడా రబ్బరు సీలు లాంటివే. ఉన్నన్నాళ్లు కనిపించవు, చూసుకోకపోతే పగులుతాయి, పగిలిన రోజు నీళ్లు వచ్చేది మన పిల్లల పడవలోకే. చదువుకుని బయటికి పోయినవాళ్లం ఏడాదికోసారైనా తిరిగి వచ్చి ఎక్కడ కారుతోందో చూసుకుందాం.